నాన్న నేర్పిన నమాజుతో కొల్లేటికి

ఉదయం ఏడూ ఇరవైకి తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాను. ఆదివారం కాబట్టి కిటికీ పక్క సీటు దొరికింది. ఏలూరుకి ముప్పావుగంట ప్రయాణం. అక్కడి నుంచి బస్సులో కొల్లేటి లంకలో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్ళి, సాయంత్రానికి తిరుగు బండి అందుకోవాలి. చేపల పులుసు తిని వస్తానని ఇంట్లో చెప్పాను. అసలు పని వేరే.

మూడు రోజుల కిందట మా అన్నయ్య మస్తాన్ ఫోన్ చేశాడు. చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. కూతురు రేష్మాకి పదమూడేళ్ళు, పసితనంలోనే తల్లి పోయింది. ఈమధ్య బంధువుల ఇంట్లో ఆడపిల్లలంతా నమాజుకి నిలబడితే, రేష్మా సజ్దాలో, అంటే నుదురు నేలకి ఆనించి మొక్కేటప్పుడు, మోచేతులు నేలకి ఆనించకుండా పైకెత్తి చేసిందట. మగరాయుడిలా చేస్తోందని ఒకటే నవ్వులట. ఇంటికొచ్చిన పిల్ల ఆ రోజు నుంచీ నమాజే మానేసింది.

"నాకొచ్చిందే నేర్పాను చెల్లాయ్. ఆడవాళ్ళది వేరేగా ఉంటుందని నాకేం తెలుసు. నువ్వొచ్చి నేర్పమ్మా" అన్నాడు అన్నయ్య.

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, ఎందుకైనా మంచిదని గదిలో సజ్దా చేసి చూసుకున్నాను. నా మోచేతులూ గాల్లోనే ఉన్నాయి.

ఉండవూ మరి! నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. మా ఇద్దరికీ నమాజు నేర్పింది టైలరు పని చేసే నాన్నే. అన్నయ్య ఆయన పక్కన, నేను వెనకాల. ఆయన వీపు చూసి వంగాను, ఆయన మడమలు చూసి కూర్చున్నాను. పెళ్ళయి అత్తగారు లేని ఇంటికి వెళ్ళాను. మావారు మసీదుకి వెళతారు, నేను తలుపేసుకుని చదువుకుంటాను. నలభై నాలుగేళ్ళొచ్చినా నా నమాజు చూసి చెప్పినవాళ్ళు లేరు. బళ్ళో లెక్కల టీచర్ని, పిల్లల తప్పులకి ఎర్రసిరాతో గీతలు కొట్టేదాన్ని. ఇన్నాళ్ళ నా నమాజంతా తప్పేనా అని మూడు రోజులు అన్నం సయించలేదు. కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక మావారి మీద చూపించాను.

బండిలో ఎదురు సీట్లో చర్చికి వెళుతున్న పెద్దావిడ కూర్చుంది. "ఏవండీ, ఒంట్లో బాగోలేదాండీ? మొహం అలా ఉందేంటండీ" అంది.

"పరీక్షకి వెళుతున్నానండీ" అన్నాను.

"ఈ వయసులో పరీక్షలేంటండీ" అంటూ ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు చేతిలో పెట్టింది. భీమడోలు దాటేసరికి తినేశాను.

ఎనిమిదీ పదికి ఏలూరులో దిగి, స్టేషను బయట రెండిడ్లీ తిని టీ తాగాను. ఆటోలో వన్‌టౌనుకి వెళ్ళాను. నాతో పనిచేసే టీచరు వాళ్ళమ్మ, జైనబ్ బీ గారు, అక్కడ ఇంట్లోనే ఆడపిల్లలకి ఖురాన్ చదవడం నేర్పుతారు. డెబ్బై దాటిన మనిషి. నేను గుమ్మంలో నిలబడే సంగతంతా చెప్పేసి, నా నమాజు చెల్లిందా లేదా అని అడిగాను.

"ముందు కూర్చోమ్మా" అని మంచినీళ్ళిచ్చారు. "చదివే సూరాలు మారాయా? రకాతుల లెక్క మారిందా? లేదు కదా. నీ నమాజు ఎక్కడికీ పోలేదమ్మా. ఆడా మగా ఒకేలా చెయ్యాలనే పండితులూ ఉన్నారు. మా పెద్దలు మాకు నేర్పింది మాత్రం ఇది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పట్టించుకోకుండా చాప పరిచారు. మొదట చేతులెత్తేటప్పుడు మగవాళ్ళు చెవులదాకా, ఆడవాళ్ళు భుజాలదాకా. కట్టుకునేటప్పుడు వాళ్ళవి బొడ్డు కింద, మనవి రొమ్ము మీద. సజ్దాలో వాళ్ళు పొట్టకీ తొడలకీ ఎడం ఉంచి మోచేతులు ఎత్తుతారు, మనం ఒళ్ళంతా దగ్గరకి ముడుచుకుని మోచేతులు నేలకి ఆనిస్తాం. కూర్చునేటప్పుడు రెండు పాదాలూ కుడివైపుకి. వినడానికి ఇంతే. నేను వంగితే మోచేతులు వాటంతటవే లేచేవి. ఆవిడ నా పక్కన చతికిలబడి వాటిని కిందకి నొక్కేవారు. గంటన్నర పట్టింది.

పదీ ముప్పావు బస్సుకి లంకకి బయల్దేరాను. చేపల మేత బస్తాల మధ్య కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ముందుగా వెళ్ళి కిటికీ పక్కన కూర్చోండి, వలస పక్షులు కనిపిస్తాయి. ఊరు దాటాక రెండువైపులా చెరువులే. సరస్సు ఎక్కడ మొదలవుతుందండీ అని పక్కాయన్ని అడిగాను.

"మీరు దాటొచ్చిందంతా సరస్సేనండీ ఒకప్పుడు" అన్నాడాయన.

పన్నెండవుతుండగా అన్నయ్య ఇల్లు చేరాను. చెరువు గట్టు మీద రెండు గదుల రేకుల ఇల్లు. ఆ లంకలో మసీదు లేదు, తురకల ఇళ్ళు మూడే. రేష్మా నన్ను చూసి తలుపు తీసి, పలకరించకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొరమీను పులుసుతో అన్నం తిన్నాం. పులుసు ఆ పిల్లే పెట్టిందట, పులుపు సరిగ్గా పడింది. అన్నయ్య చెరువు మీదకి వెళ్ళాక నేను రెండు చాపలు పరిచాను.

"నాకు రాదు అత్తయ్యా, నన్నొదిలెయ్యండి" అంది తల దించుకుని.

దారంతా తయారు చేసుకున్న ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. "నాకూ రాదే" అన్నాను. "పొద్దున్నే ఏలూరులో నేర్చుకొచ్చాను. నిన్నటిదాకా నాదీ మీ నాన్న నమాజే."

"మీరు కూడానా?" అని తలెత్తింది.

"నలభై ఏళ్ళుగా."

కాసేపు నా మొహంలోకి చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చాప మీదకి వచ్చింది. నాకు గంటన్నర పట్టిన పాఠం ఆ పిల్లకి పది నిమిషాలు పట్టలేదు. పైగా నాకే చెప్పడం మొదలుపెట్టింది: "అత్తయ్యా, మోచేతులు." ఆ మధ్యాహ్నపు నమాజు ఇద్దరం కలిసి చేశాం.

నాలుగింటి లోపల సాయంత్రపు అసర్ నమాజుకి నిలబడ్డాం. మేం సజ్దాలో ఉండగా అన్నయ్య చెరువు నుంచి వచ్చినట్టున్నాడు. నమాజు చివర సలాం చెప్పి తల తిప్పేసరికి తడికాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అమ్మ ఇలాగే చేసేది" అన్నాడు.

నాకు అమ్మ మొహం గుర్తులేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు.

"ఇప్పుడు మిమ్మల్ని చూస్తే గుర్తొచ్చింది. సజ్దాలో అమ్మ ఇలా నేలకి అంటుకుపోయి ఉండేది, నువ్వు వెళ్ళి వీపెక్కేసేదానివి. నాన్న వీపు ఎత్తుగా ఉండేది, నీకు అందేది కాదు. అమ్మదే ఎక్కేదానివి. నువ్వు దిగేదాకా అమ్మ లేచేది కాదు చెల్లాయ్."

రేష్మా తండ్రి కాళ్ళకి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాలుగూ ఇరవై బస్సు హారన్ వినిపిస్తే ముగ్గురం గట్టు మీద పరుగెత్తాం.

ఐదున్నరకి ఏలూరు స్టేషనుకి చేరాను. గూడెం బండికి ఇంకా గంట ఉంది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయింది. ఆడవాళ్ళ వెయిటింగ్ హాల్లో మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని, ఒక మూల తువ్వాలు పరుచుకున్నాను. బెంచీల మీదివాళ్ళు కాళ్ళు పైకి తీసుకుని చోటిచ్చారు. ఈసారి మోచేతులు ఎవరూ నొక్కకుండానే నేలకి ఆనాయి. సజ్దాలో చెప్పవలసినవి మూడుసార్లూ చెప్పాను. తల ఎత్తాలి, ఎత్తలేకపోయాను. ఇంత కిందకి ఒదిగితేనే కదా మూడేళ్ళ పిల్లకి వీపు అందింది.

'దిగానమ్మా, ఇక లే' అనుకున్నాక గానీ లేవలేదు.