రెండు ముద్రల చీటీ

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏడేళ్లప్పుడు, నేను గెలవడం కంటే మా బావ ఓడిపోవడమే నాకు ముఖ్యంగా ఉండేది. ఈ మాట అప్పుడు ఎవరైనా నా ముఖం మీద అని ఉంటే కొట్లాటకు దిగేవాణ్ణి. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఈ మధ్య టీవీలో ఒక నాయకుడు, కొద్ది ఓట్లతో ఓడిపోయి, మళ్లీ లెక్కపెట్టమంటూ రోజూ కనిపిస్తున్నాడు. మళ్లీ లెక్కపెట్టారు, అదే వచ్చింది. ఇప్పుడు లెక్కపెట్టినవాళ్లనే నమ్మనంటున్నాడు. నాకు ఒళ్లు మండి ఏదో అనబోతాను. పక్కన వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తి నన్నొక చూపు చూస్తుంది. నేను చానెల్ మారుస్తాను.

బావ అంటే మా మేనమామ కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. చిన్నప్పుడే తల్లి పోతే మా అమ్మ చేతికిందే పెరిగాడు. మాది తమిళనాడులో ధర్మపురి జిల్లా. నేను పదో తరగతి రెండుసార్లు రాశాను, ఆయన చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు. నేను పాలకోడు మండీకి టమాటా పెట్టెలు తోలి బురదకాళ్లతో ఇల్లు చేరేసరికి, ఆయన ఇస్త్రీ చొక్కాతో అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్లకు అర్జీలు రాసిపెడుతుండేవాడు, ఊరికే. (ఆ ఊరికే రాయడమే నాకు ఎక్కువ మంట.) ఆయన మా వార్డు మెంబరుకు నామినేషన్ వేసిన మర్నాడే నేనూ వేశాను. వార్డుకు ఏం చేయాలో నాకు ఒక్క ఆలోచన కూడా లేదు.

గుర్తుల దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఆయనకు ఆటో వచ్చింది, నాకు బీరువా. ఆయన పిల్లల్ని ఎక్కించుకుని నిజం ఆటోలో వీధంతా తిరిగాడు. నేనేం తక్కువని మా ఇంటి బీరువాను ట్రాక్టరు మీద ఊరేగించాను. మలుపులో తలుపు తెరుచుకుని అమ్మ చీరలన్నీ రోడ్డున పడ్డాయి. వాటిని ఏరి, మడతపెట్టి ఇచ్చింది కూడా బావే. "ఏమి బామ్మర్దీ, తాళం వేసేది లేదా?" అన్నాడు. వీధంతా నవ్వింది.

లెక్కింపులో ఒక్క ఓటుతో ఓడిపోయాను. మళ్లీ లెక్కపెట్టమన్నాను, మళ్లీ ఒక్క ఓటే. చెల్లని చీటీ మాత్రం ఒకటి తేలింది, ఆటో మీద ఒక ముద్ర, బీరువా మీద ఒక ముద్ర. అది నాకు పడితే ఇద్దరమూ సమానం. "ముందు నాకే వేసి ఉంటారు సార్, తర్వాత చెయ్యి జారి ఉంటుంది" అని వాదించాను. "ఏది ముందో ముద్ర చెప్తుందా తంబీ?" అన్నాడు ఆఫీసరు, టీ గ్లాసు దించకుండానే.

అది బావ చేసిన మోసమేనని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. సోమవారం సోమవారం ధర్మపురి కలెక్టరాఫీసుకు పోయి అర్జీ ఇవ్వడం మొదలుపెట్టాను. రెండో వారం బావే వచ్చి, "నీ అర్జీ ఇట్ల తే, చూస్తాను" అన్నాడు. ఇచ్చాను. (సిగ్గు లేదు.) తన మీద నేను పెట్టిన ఫిర్యాదును చక్కటి తమిళంలో తిరగరాసి, "ఇంగ గట్టిగా ఉంటాది, పో" అన్నాడు. ఆ మంచితనానికి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

నాలుగో సోమవారం అమ్మ చింతపండు అన్నం డబ్బాలో పెడుతూ అడిగింది.

"ఇంగా ఎన్ని వారాలు పోతావురా?"

"ఆ రెండు ముద్రల చీటీ ఎవరిదో తేలేదాకా."

"అది నాదే."

డబ్బా మూత బిగిస్తూనే ఉంది. "ముందు నీకే వేసినాను. చూస్తే పక్కనే వాని ఆటో ఉండాది. పంతిలో నీకు పెట్టి, పక్కన కూర్చున్న వానికి పెట్టకుండా పోయేకి నాకు చెయ్యి వచ్చునా? తల్లి లేని బిడ్డ. వానికీ ఒకటి వేసినాను."

ఆ రోజూ బస్సెక్కాను కానీ ధర్మపురి దాకా పోలేదు. పాలకోడులో దిగి, మండీలో ఖాళీ పెట్టెల మీద కూర్చుని ఆ అన్నం తిన్నాను. ఓడిపోయినందుకు కాదు నా బాధ. మా అమ్మ చేతిలో ఉన్న ఆ ఒక్క ఓటు కూడా నా ఒక్కడిది కాలేకపోయిందని. మోసమని చెప్పిన ప్రతి ఇంటికీ మళ్లీ పోయి, కాదని చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చివరి ఇల్లు బావది. అంతా విని, "పోనీలే బామ్మర్దీ, అర్జీ మాత్రం బాగా వచ్చిండె" అన్నాడు.

మొన్న ఆదివారం ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అమ్మ ఇద్దరికీ అలసంద వడలు వడ్డించింది. ఈ వయసులో ఎవరి ఆకులో ఎన్ని పడ్డాయో నేను చూడను. (చూశాను. నాలుగు, నాలుగు. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాను.)