నడింట్లో వాన

నిన్న జెర్సీ సిటీ నుంచి రైలెక్కి మ్యూజియంకి వెళ్లాను. అక్కడ పాతకాలపు రోమన్ ఇంటి బొమ్మ ఉంది. దొరికినవి పునాదులేనట, మిగతాది చిత్రకారుడి ఊహ. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, వాన నడింట్లో పడుతోంది.

అచ్చం మా తాతగారి మండువా ఇల్లే. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, చూరు కింద పెట్టిన ఇత్తడి బిందెల మీద తొలి చినుకుల చప్పుడు. మా అత్త కూతురు సుజాత నన్ను పక్కకి నెట్టేసేది.

“ఈ మూల నాది బావా. నీ బిందె అటు పెట్టుకో.”

పెద్దయ్యాక సుజాతనే పెళ్లి చేసుకున్నాను. ఆ ఇల్లు పడగొట్టేశాక, నేను మరిచిపోయినవన్నీ తనే చెప్పేది. పోయిన చలికాలం తనూ వెళ్లిపోయింది.

మన స్తంభాలకి ఏ రంగు ఉండేదని బొమ్మ ముందు నిలబడి అడగబోయాను. పక్కన ఎవరూ లేరు.

ఇంటికొచ్చి మా మండువా గీశాను. స్తంభాలకి రంగు వేయలేదు.