వదులుగా కట్టిన సవరం

నలభై ఏళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెబుతాను; మీరు నన్నెరగరు, అదే మేలు. మా చిన్నమ్మ కూతురు రాజమ్మకు కుదరబోయిన పెళ్లిని నేను చెడగొట్టాను. తెలిసే చెడగొట్టాను.

గోదావరిఖనిలో గనులు కొత్తగా తవ్వుతున్న రోజులవి. మా రెండు కుటుంబాలవీ పక్కపక్క క్వార్టర్లు. పద్దెనిమిదేళ్లకే నా గడ్డం మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. ఇంట్లోవాళ్లు కాక ఆ సంగతి తెలిసింది రాజమ్మకే. వారానికోసారి బొగ్గు పొయ్యి బూడిద వేళ్లకు అద్దుకుని, జారకుండా పట్టి, ఒక్కొక్కటే పీకేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగితే ఆగి ఊదేది. అయినా రామకృష్ణాపూర్ నుంచి నన్ను చూడవచ్చిన పిల్లవాడి తల్లి, నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పింది. గరుకు ఆమె వేళ్లకు తగిలింది. సంబంధం అక్కడితో సరి.

మరుసటి ఏడాది అదే ఇంటివాళ్లు రాజమ్మను చూస్తామన్నారు. అప్పుడే టైఫాయిడ్ తగ్గి, ఆమె జుట్టు కుచ్చులుగా రాలిపోయి ఉంది. జడ చిటికెన వేలంత మిగిలింది. పెళ్లిచూపుల్లో ఆడవాళ్లు జడ పట్టి చూడడం మా దగ్గర ఉన్నదే. అందుకని నేను ఏళ్ల తరబడి దాచుకున్న నా రాలిన వెంట్రుకలతో సవరం కట్టించాం. దాన్ని జడలో కలిపి అల్లింది నేనే. నల్లదారం నాలుగు చుట్లు చుట్టి బిగించాలి. ఒక్క చుట్టు చుట్టాను.

ఎందుకు? నన్ను వద్దన్న ఇంటికి ఆమె కోడలవడం చూడలేక. తర్వాత ఎన్ని సాకులు వెతుక్కున్నానో! మోసం చేసి పెళ్లి చేస్తే రేపు కాపురంలో బయటపడదా, ముందే తెలియడం ఆమెకే మంచిది కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అంత న్యాయం తెలిసినదాన్ని, మొదటే సవరం వద్దనొచ్చుగా? అనలేదు.

పెళ్లిచూపుల్లో పిల్లవాడి తల్లి జడ పట్టగానే సవరం ఊడి చేతికొచ్చింది.

“పిల్లను సూడొస్తే గుర్రం తోక చేతికచ్చిందేంది!” అని నవ్వింది. వచ్చినవాళ్లంతా నవ్వారు. రాజమ్మ తలెత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం నాకు సంతోషమేసింది.

ఆ మాట కాలనీ అంతా పాకింది. మళ్లీ ఎవరూ చూడ రాలేదు. రెండేళ్లకు కమాన్‌పూర్ దగ్గర ముగ్గురు పిల్లల తండ్రికి రెండో పెళ్లాంగా ఇచ్చారు. అప్పటికి ఆమె జుట్టు భుజాలు దాటి ఒత్తుగా పెరిగింది. దాన్ని చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత నాకూ పెళ్లి కుదిరింది. ముందు రోజు రాజమ్మ అత్తగారింటి నుంచి వచ్చి, ఎప్పటిలాగే బూడిద అద్దుకుని నా ముందు కూర్చుంది. పీకుతూ పీకుతూ అంది:

“అక్కా, గప్పుడు ముడి నేనే సూసుకోవాల్సుండె. నువ్వు ఫికర్ పెట్టుకోకు. నీ తప్పేం లేదు.”

“గవన్నీ ఇప్పుడెందుకే,” అన్నాను.

కళ్లు మూసుకున్నాను. నొప్పికని అనుకుంది.

ఆమె ఇంకా బతికే ఉంది. చదువు రాదు, ఉత్తరం రాస్తే సవతి పిల్లలు చదివిపెట్టాలి కదా అని మానేశాను. అదీ సాకే. బస్సెక్కితే ఎంత దూరం? నా గడ్డం గుట్టు ఆమె ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇక్కడిదాకా రాశాక చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్లలో ఆమె కోసం ఏడ్వడం ఇదే మొదటిసారి.