మూడు నెలల సగటు

నాకు సగటు మీద నమ్మకం ఎక్కువ. చదివింది ఏడో తరగతే అయినా కాఫీ గింజల తేమ శాతం, మిరియాల దిగుబడి అన్నీ కాగితం మీద నేనే వేసుకుంటాను. నా భార్యకు షుగరు వచ్చినప్పుడు వేలు గుచ్చి చూసే మిషను కొన్నాను. రోజూ పొద్దున్నే అంకె రాసేవాణ్ణి. రెండు వందల ముప్పై, రెండు వందల అరవై, ఒక్కోసారి ఇంకా పైన.

చింతపల్లి వెళ్లే జీపెక్కి, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించాం. ఐదు పాయింట్ ఆరు వచ్చింది. షుగరు లేనివాళ్ల అంకె అది. రెండింట్లో ఒకటి తప్పయి ఉండాలి. మిషను చవకది, చలికి ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఏ రోజుకారోజు మారే అంకె కన్నా సగటే నిజమనుకున్నాను. మాత్రలు సగం చాలని చెప్పింది డాక్టరు కాదు, నేనే.

కాలు తిమ్మిరెక్కుతోందని ఆమె చెబితే నంబరు బాగుంది కదా అన్నాను.

"నంబరుకి బాగుంటే సరే మరి. కాలికి బాగోలేదు."

వానాకాలంలో బొటనవేలి మీద పుండు లేచింది, మానలేదు. పెద్దాసుపత్రిలో వేలు తీస్తే ఆగుతుందన్నారు. చివరికి చీలమండ పైదాకా తీసేశారు.

ఆ సగటుకీ ఈ పుండుకీ పొంతన లేదని అక్కడివాళ్లకు అనుమానం వచ్చి ఆమె రక్తాన్ని అణువుల బరువు తూచే యంత్రానికి పంపారు. మాస్ స్పెక్ట్రోమీటర్ అంటారట. దాని మీద పనిచేసే అమ్మాయి కాగితం నా ముందు పరిచి ఓపిగ్గా చెప్పింది. రక్తంలోని ప్రొటీనుకు ఒక చక్కెర అంటుకుంటే బరువు నూట అరవై రెండు పెరుగుతుంది. నూటికి ఎన్నింటికి అంటుకుందో చూసి ఆ సగటు చెబుతారు. నా భార్య ప్రొటీను అసలు బరువే మామూలు కన్నా ముప్పై తక్కువ. సికిల్ సెల్ అట, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. చిన్నప్పటి నుంచీ ఉన్న ఆ కీళ్ల నొప్పులను మేం కొండ చలి అనుకున్నాం. ఆమె రక్తకణాలు అందరివిలా నాలుగు నెలలు బతకవు. చక్కెర సరిగ్గా అంటుకునే లోపే చచ్చిపోతాయి, అందుకే సగటు తక్కువ చూపించింది.

"మీ మిషనే కరెక్టండీ," అంది ఆ అమ్మాయి.

ఆ కాగితం మీది బరువుల తీసివేతలు నేను మళ్లీ చేసి చూశాను. సరిపోయాయి.

ఇంటికొచ్చి నా భార్యకు ఏదీ దాచకుండా చెప్పాను. మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"మిషనూ అబద్ధం సెప్పలేదు, నేనూ సెప్పలేదు. మరి నువ్వు ఎవులి మాట ఇన్నావు?"

ఇప్పుడు వేలు తనే గుచ్చుకుంటుంది. అంకె ఆసుపత్రి నర్సమ్మకు ఫోన్లో చెబుతుంది. నేను దగ్గరికి వెళ్తే మిషను బోర్లా పెడుతుంది. మొన్న రెండో కాలి మడమ దగ్గర పగులు కనిపించి, ఏమిటది అని అడిగాను.

"ఏటీ లేదు. నువ్వెల్లు," అంది, చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంటూ.