పెట్టె అడుగున హాజరు కార్డులు

పట్టుగూళ్ళు ఉడికే వాసన ఎక్కడ తగిలినా నాకు మొదట పాలు పోసే నారాయణమ్మ గుర్తొస్తుంది. అమ్మ పనిచేసే దారం మిల్లుకు తాళం పడిందని కబురు తెచ్చింది ఆమే. "సావుకారు దివాళా తీసినాడంట తల్లీ, గేటుకి కాగితం అంటిచ్చుండారు" అని పాలచెంబు దించకుండానే చెప్పింది.

చింతామణి ఊరిచివర ఆ రేకుల షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్ళు, తొట్టికి ఇద్దరు చొప్పున, ఉడుకునీళ్ళలో చేతులు పెట్టి గూళ్ళ నుంచి దారం తీసేవారు. వారం వారం జత మారేది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఇద్దరి హాజరు కార్డుల్లోనూ రాసేవారు. అనపకాయల కాలంలో అమ్మ ఇంటికొచ్చి, నీళ్ళలో నాని తెల్లబడిన వేళ్ళతోనే పప్పు పితికి పులుసు పెడితే, వేడి సంగటి ముద్దకు కూడా ఆ గూళ్ళ వాసన అంటినట్టుండేది, అయినా ఎంత కమ్మగా ఉండేదో! ఆయుధపూజనాడు తొట్లు కడిగి, బంతిపూలు కట్టి, నిండిపోయిన కార్డులకు పసుపు కుంకుమ పెట్టేవారు. అన్నం పెట్టిన కాగితం కాళ్ళకింద పడకూడదని మర్నాడు పూలతోపాటు చెరువులో వదిలేవారు. ఆ పన్నెండుమందిలో ఒకతైన ఫాతిమక్క మాత్రం ప్రసాదం బొరుగులు, అరటిపండు కళ్ళకద్దుకుని తీసుకుని, తన కార్డులు ఇంటికి పట్టుకుపోయేది.

కాలు బాగాలేక బడికి పోలేని నాకు తాత ఇంట్లోనే తెలుగూ కన్నడమూ నేర్పాడు. ఆయన సైకిలు మీద తీసుకుపోతే గేటు మీది కన్నడ కాగితం అందరికీ చదివి చెప్పాను. మిల్లును అమ్మితే వచ్చే డబ్బులో పనివాళ్ళ జీతాలకు హక్కుంది, కానీ పనిచేసినట్టు రుజువు చూపాలి. సావుకారు లెక్కల పుస్తకాలు దొరకలేదు. జీతం రాని నాలుగు నెలల కార్డులూ ఆ దసరాకే చెరువులో కలిశాయి. మా ఇంట్లో అమ్మ కూలి తప్ప మరో ఆధారం లేదు. అమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు ఫాతిమక్క కార్డుల కట్టతో వచ్చింది. ట్రంకుపెట్టెకు తుప్పు పట్టి చీరలు పాడవకుండా అడుగున పరుచుకుందట. వారానికొకరుగా జతకూర్చున్న అందరి పేర్లూ వాటిలో ఉన్నాయి.

"మీ కార్డులు దేవుడికే ఇస్తిరి గదమ్మా, ఆయన నా పెట్లో దాచినాడనుకోండి" అని నవ్వింది.

బాకీలు చూసే ఆఫీసులో గుమాస్తా ఆమెను పక్కకు పిలిచాడు. "ఉండే దుడ్డే కొంచెం. నీదొక్కదానిదే రాసిస్తే నీకు నిండుగా వస్తాది. అందరిదీ ఇస్తే నీ పాలు తగ్గిపోతాది, చూసుకో."

"ఉడుకునీళ్ళలో చేతులు పెట్టింది నేనొక్కదాన్నేనాప్పా? అందరిదీ రాసుకో."

చాలాకాలానికి డబ్బు వచ్చింది, పూర్తిగా కాదు. ఫాతిమక్కకు నిజంగానే తగ్గింది. మాకు మాత్రం ఆ యేడాది రాగులు నిండుకోలేదు. అమ్మ ఆ రోజు దేవుడి ముందు రెండు దీపాలు పెట్టింది. రెండోది ఎవరిదని నేను అడగలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, తొట్లు లేవు, అమ్మా లేదు. ఫాతిమక్క కూడా కన్నుమూసింది. రెండో దీపం నేను పెడుతున్నాను. ఆయుధపూజకు మీ పనిముట్లకు పసుపు రాసేటప్పుడు, చింతామణి ఫాతిమక్కను మీరూ ఒక్కసారి తలుచుకోండి.