రంగు పొట్లంతో ఎల్లారెడ్డికి

మూడేళ్ళుగా బతుకమ్మ పండుగకు నేను పుట్టింటికి వెళ్ళలేదు. ఒక ఏడు మా అత్తగారి నడుంనొప్పి, ఒక ఏడు పసివాడు కడుపులో, మరో ఏడు వాడి దగ్గు. ఈసారి ఎల్లారెడ్డి నుంచి అమ్మ కబురు పంపింది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి పిల్లలతో రాకుంటే ఇంట్లో బతుకమ్మే పేర్చనంది. మా అమ్మ అన్నదంటే అన్నట్టే. అందుకే, ఆయనకు సెలవు దొరక్కపోయినా, ఐదేళ్ళ శాంతనూ ఏడాదిన్నర కిట్టునూ వెంటబెట్టుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను. పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం అది.

అమ్మ కబురులో ఇంకో మాట ఉంది. పట్నం నుంచి గులాబి రంగు తెమ్మంది. మా వైపు పొలాల గట్ల నిండా గునుగు పువ్వు తెల్లగా పూస్తుంది. దాన్ని రంగు నీళ్ళలో ముంచి ఆరబెడితే బతుకమ్మకు వరుసలు వరుసలుగా అందం వస్తుంది. ఆ రంగు పొడిని కాగితంలో పొట్లం కట్టించి, పోకుండా ఉంటుందని పిల్లల బట్టల మూటలో దాచాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

సికింద్రాబాదులో పొద్దున ఏడు గంటలకు బండి. ఆయన మమ్మల్ని ఆడవాళ్ళ డబ్బాలో ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి పది జాగ్రత్తలు చెప్పారు. పదింటికీ తల ఊపాను. నిజామాబాదు వెళ్తున్న ఒకామె పిల్లలనూ, సామానునూ, నన్నూ చూసి, "ఇద్దరు పిల్లల్తోని ఒక్కదానివే ఎల్లినవా, నీ గుండె గట్టిదే" అంది. ఆ మాటకు నేను కొంచెం ఉబ్బాను కూడా. పులిహోర విప్పి ఆమెకూ పెట్టాను. కిట్టుకు నిద్ర వస్తే ఆ బట్టల మూటే తలకింద పెట్టి పడుకోబెట్టాను. శాంత మూట పక్కనే కూర్చుని బుద్ధిగా ఆడుకుంటోంది. పిల్ల అంత బుద్ధిగా ఉన్నప్పుడే అనుమానించాల్సింది.

పదకొండున్నరకు కామారెడ్డిలో దిగాం. స్టేషను బయట బెల్లం బండ్లు బారులు తీరి ఉన్నాయి. గాలంతా బెల్లం వాసన. శాంతకు చిన్న ముక్క కొనిపెట్టి, నేను ఛాయ్ తాగి, బస్సు దగ్గరికి వెళ్ళేసరికి ముందు సీట్లన్నీ నిండిపోయాయి. పెట్రోలు దొరకని రోజులు కదా, ఆ బస్సు బొగ్గుతో నడిచేది. వెనకాల పెద్ద డబ్బాలో బొగ్గు రాజేసి, ఆ పొగతోనే ఇంజను తిప్పేవారు. మాకు దొరికింది ఆ పొయ్యికి ఆనుకుని ఉన్న చివరి బల్ల. ఒంటిగంటకు కదలాల్సిన బస్సు రెండింటికి కదిలింది.

మా పక్కన ఒక ముసలామె కూర్చుంది. పేరు సాయవ్వ, లింగంపేటలో దిగుతానంది. ముఖం నిండా మశూచి అమ్మవారి మచ్చలు. ఒళ్ళో బెల్లం దిమ్మ పెట్టుకుని, ఎవరు అడిగినా అడగకపోయినా తన సంగతులు చెబుతోంది. ముగ్గురూ కొడుకులేనట. బతుకమ్మ పండుగ వచ్చిందంటే ఊళ్ళో అందరి ఇండ్లకూ పెళ్ళయిన ఆడపిల్లలు వస్తారనీ, తన గడప మాత్రం బోసిగా ఉంటుందనీ అంది. నేను వినీ విననట్టు ఊకొట్టాను. వెనక పొయ్యి వేడికి నా ప్రాణం పోతోంది. కిట్టు ఒళ్ళంతా చెమటలు పట్టి, మాగన్నుగా పడి ఉన్నాడు.

సగం దారిలో వాడి మెడ మీద ఒక ఎర్రటి చుక్క కనిపించింది. చూస్తుండగానే చెంప మీద రెండు, నుదుటి మీద మూడు. ఒక్కొక్కటే నా కళ్ళెదుటే పూస్తున్నాయి. చొక్కా ఎత్తి చూస్తే భుజాల మీదా అవే. ఒళ్ళు కాలిపోతోంది. నా చిన్న తమ్ముడు మూడేళ్ళవాడై ఉండగా ఇలాంటి చుక్కలతోనే మూడు రోజుల్లో పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ మంచం, ఆ వేపాకులు నేనెప్పుడూ మరచిపోలేదు. తుడుద్దామని కొంగు ఎత్తి, భయపడి మళ్ళీ దించేశాను. అమ్మవారు పోసిన ఒంటిని తుడవకూడదు, గోకకూడదు, తల్లికి కోపం వస్తుందని మాకు చిన్ననాడే నేర్పారు.

ముందు బల్ల మీది ఆడమనిషి వెనక్కి తిరిగి చూసింది. అంతే, బస్సంతా తెలిసిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె కిట్టు కాళ్ళ దగ్గర ఒక దమ్మిడీ పెట్టి దండం పెట్టుకుని, తన పిల్లను చంకనెత్తుకుని ముందుకు జరిగింది. ఒక్కొక్కరే చేతులు జోడించి జరిగారు. లింగంపేటలో బస్సు ఆపి డ్రైవరు దిగి వచ్చాడు. గడ్డం నెరిసిన తురకాయన. ఆయనా చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను మాఫ్ చెయ్యాలె. బండిల ఇంక పసిపిల్లలున్నరు" అన్నాడు.

ఆయన తప్పేముంది? నేనైనా అదే అనేదాన్ని. పిల్లలతో దిగాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు. అమ్మవారితో పండుగ ఇంటికి పోకూడదు. పట్నం తిరిగి పోవాలన్నా ఏ బస్సు ఎక్కించుకుంటుంది? నాతోపాటు దిగిన సాయవ్వ బెల్లం దిమ్మ శాంత చేతికిచ్చి, నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ చాపింది.

"నాకు సిన్నప్పుడే వచ్చిపోయింది బిడ్డా, మల్ల రాదు. పోరన్ని ఇటియ్యి. మా ఇంటికి నడువు."

ఆ మచ్చల ముఖం కన్నా అందమైన ముఖం నేను ఆనాటికి చూడలేదు, ఈనాటికీ చూడలేదు. నాలుగడుగుల్లో వాళ్ళ ఇల్లు. వాకిట్లో మంచం వేసి కిట్టును పడుకోబెట్టింది. వేపమండలు తెచ్చి, ఇత్తడి చెంబులో నీళ్ళకు పసుపు కలిపి, తల్లికి దండం పెట్టి, మండతో వాడి మీద నీళ్ళు చల్లింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి మండ చప్పుడు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె మంచం మీదికి వంగి ఉంది. కిట్టు మెడ నుంచి దుప్పటి మీదికి గులాబి రంగు నీళ్ళు కారుతున్నాయి. సాయవ్వ వేలితో వాడి చెంప రుద్ది, ఆ వేలు నాకు చూపింది.

"ఇది తల్లి కాదు బిడ్డా, రంగు."

మూట విప్పాను. పొట్లం మూలన వేలు దూరేంత చిరుగు. బట్టల నిండా పొడి. రైల్లో వాడి ఒంటికి అంటిన ఆ నలుసులే బస్సులో చెమట తగిలి పూశాయి. ఒంటి కాక బస్సు పొయ్యిది. తొలి చుక్కనే కొంగుతో తుడిచి ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది. శాంత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు అంటుకుపోయింది. పట్టుకుని చూస్తే చూపుడు వేలు మొదలంటా ఎరుపు. రంగు ఎలా ఉంటుందో చూద్దామని రైల్లో పొట్లంలో వేలు పెట్టిందట. దెబ్బలు పడతాయని అప్పటి నుంచీ దాచుకుంది. నాకు ఏడుపు, నవ్వు, కోపం మూడూ ఒక్కసారే వచ్చాయి. దాని వీపు మీదికి చేయి లేపితే సాయవ్వ పట్టుకుంది.

"పండుగపూట ఆడపిల్లను కొడ్తవా? కూసో, బువ్వ తిను" అంది.

అప్పుడు నాకు రెండో భయం పట్టుకుంది. బస్సు ముందే వెళ్ళిపోయింది. ఎల్లారెడ్డిలో బస్సు దగ్గర నాన్న ఎదురుచూస్తుంటాడు. డ్రైవరు ఆయనకు ఏం చెబుతాడో తెలిసిందే. ఆ మాట అంటే అరుగు మీదున్న సాయవ్వ భర్త లేచి ఎడ్లను కట్టాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. మూడున్నరకు బండి కదిలింది. సాయవ్వ కూడా ఎక్కింది. గట్ల వెంట పూసిన గునుగు, తంగేడు చూసి ముసలాయన రెండుసార్లు బండి ఆపి కోసుకొచ్చి శాంత ఒళ్ళో పోశాడు. కడిగిన కిట్టు ఇంకా లేత గులాబి రంగులోనే ఉన్నాడు, బెల్లం చీకుతూ నవ్వుతున్నాడు.

పొద్దు గుంకే వేళకు ఎల్లారెడ్డి చేరాం. మా గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిలి ఊడ్చి ఉంది, ముగ్గు లేదు. అరుగు మీద తాంబాలంలో బతుకమ్మ రెండు వరుసల దగ్గరే ఆగిపోయి ఉంది. పండుగపూట బండి దొరికేసరికే ఆలస్యమై, నాన్న లింగంపేటకు రావడానికి అప్పుడే ఎడ్లను కట్టించుకుంటున్నాడు. అమ్మ మా బండి చూసి పరుగెత్తుకొచ్చింది. ఇంకా నేను నోరు విప్పనే లేదు. పిల్లవాడికి అమ్మవారు పోసిందనే ఆమె అనుకుంటోంది. అయినా ఒక్క క్షణం ఆగకుండా వాణ్ణి లాక్కుని గుండెకు హత్తుకుంది. ఒక కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆమె. అమ్మ తెల్ల రవిక మీద వాడి చెంప గులాబి మచ్చ వేసింది. అప్పుడు చెప్పాను సంగతి. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టిన తిట్లు వీధంతా విన్నది. అంత హాయిగా తిట్లు తినడం నాకు అదే మొదలు.

రంగు మిగల్లేదు. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మకు గునుగు తెల్లగానే ఉంది, మధ్యమధ్య పచ్చటి తంగేడు. అమ్మ ఒక చేయీ సాయవ్వ ఒక చేయీ వేసి పేర్చారు. ఆడపిల్ల లేని సాయవ్వ మా అందరి కన్నా గట్టిగా పాడింది.

దసరా అయిన నాలుగో రోజు పొద్దున తిరుగు ప్రయాణం. ఈ దారిన పిల్లలతో వెళ్ళే తల్లులకు నా మాట ఒకటే. బొగ్గు బస్సుల వెనక బల్లలు ఇప్పుడెలాగూ లేవు, రంగు పొడిని మాత్రం మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఆడపిల్లను అత్తింటికి సాగనంపేటప్పటి ఆచారంగా, అమ్మ నా కొంగులో ఒడిబియ్యం పోసి పంపింది. మళ్ళీ అదే డ్రైవరు. నాన్న ఆయనకు రంగు సంగతి ముందే చెప్పాడట, కిట్టును చూసి నవ్వి ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు.

లింగంపేటలో డ్రైవరు, నేను అడగకుండానే బస్సు ఆపాడు. పండుగ మర్నాడే ఊరికి మళ్ళిన సాయవ్వ రోడ్డు మీద నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, రవికగుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు. పొద్దటి నుంచీ ఉందట. "ఒడి పట్టు బిడ్డా" అంది. ఒడిబియ్యం కన్నతల్లి పోయాలి. నేను ఆ మాట అనలేదు, ఆమె కూడా అనలేదు. బస్సు మెట్టు మీదే కొంగు చాపాను. ఐదు దోసిళ్ళు పోసి, నా నుదుట బొట్టు పెట్టింది. ముసలాయన ఎడ్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. బస్సులో ఎవరూ తొందర పెట్టలేదు.

మధ్యాహ్నం కామారెడ్డిలో రైలెక్కాం. శాంత ఒక ఒడిబియ్యం మూట మీద, కిట్టు మరో మూట మీద తలపెట్టి నిద్రపోయారు. ఎదుటి బల్ల మీదామె ఆ మూటలు చూసి, పుట్టిల్లు ఎక్కడమ్మా అని అడిగింది.

ఎల్లారెడ్డి అన్నాను. కిట్టు తలకింద మూట సర్ది, లింగంపేట కూడా అన్నాను.