అలుగు కాడ ఎర్ర కుర్చీ

మెంబరమ్మ పోయిందన్న కబురు నాకు టెంటు బేరంగా వచ్చింది.

పొద్దున్నే నా టెంట్ హౌజ్ షట్టరు ఎత్తుతున్నాను. వాళ్ల గల్లీలో పాలు పోసే ఆయన సైకిల్ ఆపి, "అన్నా, మెంబరమ్మ ఇంటికి టెంటు కావాలె. కుర్చీలు గూడ" అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఇయ్యాల ఎవడు దొరికిండు? ఎవల్ని కూసోబెడుతదంట?" అన్నాను. ఆయన నవ్వలేదు. సైకిల్ గంటను బొటనవేలితో ఊరికే రుద్దుతూ, "ఎవల్నీ లేదన్నా. ఆమెనే పండుకున్నది. లేస్తలేదు" అన్నాడు.

ఆ తర్వాత కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తూ, ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. మళ్లీ అనుకున్నాను: ఆమె ఉండి ఉంటే ఆ మాటకు గట్టిగా నవ్వేది, నవ్వాక తిట్టేది.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఈ మధ్యే మా వైపు ప్లాట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు. మీకు ఆమె తెలియకపోవచ్చు. ఖాజాగూడ అవతల, బండల వెనక మాది చిన్న ఊరు. అద్దాల బిల్డింగులు లేస్తున్న దిక్కు నుంచి రోజంతా మా మీదికి దుమ్ము వస్తుంది. పంచాయతీలో మా వార్డు ఆడవాళ్లకని తేలినప్పుడు, మగవాళ్లందరూ కలిసి, ఎదురు చెప్పదులే అని ఒక పెద్దావిడను నిలబెట్టారు. ఆమే మెంబరమ్మ. మగవాళ్లు అంత పెద్ద పొరపాటు అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. నేను ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, ఒకప్పుడు గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, అంతే.

కుంట, నాలాలు, బండలు చూసుకోవడానికి పంచాయతీ ఒక చిన్న కమిటీ వేసి, దానికి ఆమెను పెద్దగా పెట్టింది. మొదటి మీటింగులోనే ఆమె ఒక పద్ధతి తెచ్చింది. ఏ జాగా గురించి ఫిర్యాదు వస్తే ఆ జాగాలోనే కూర్చుని మాట్లాడాలి. పంచాయతీ సెక్రటరీ సారుకు ఇది మింగుడు పడలేదు. "అమ్మా, ఆఫీసుల ఫ్యాను ఉన్నది, టేబులున్నది. జర నీడపట్టున కూసుందాం" అన్నాడు. ఆమె, "సారూ, నీ కాయితం మీద కుంట ఎప్పుడూ నిండే ఉంటది. పోయి చూద్దాం నడువు" అంది. అట్లా నా టెంట్ హౌజ్ కుర్చీలు, నా మైకు, నేను, కమిటీ వెనక ఊరంతా తిరగడం మొదలైంది. తీర్మానం చదివే పని కూడా నాదే అయింది. ఏడో తరగతి దాటని నాకు అంత పెద్ద కొలువు మళ్లీ దొరకదు.

మొదటి గొడవ బండల పేలుళ్లది. కొత్త రోడ్డు కోసం తోటాలు పెట్టి బండ పేలుస్తుంటే రాళ్లు వచ్చి ఇళ్ల మీద పడుతున్నాయి. కాంట్రాక్టరు తరఫున ఒక సూపర్‌వైజరు వస్తున్నాడని తెలిసింది, కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. నాకు దురద పుట్టింది. ప్లాస్టిక్ కుర్చీల మధ్య, పెళ్ళికొడుకును కూర్చోబెట్టే ఎర్ర మఖమల్ కుర్చీ వేశాను. చేతుల మీద బంగారు రంగు సింహాలున్న కుర్చీ అది. అతను దాన్ని చూసి, "అయ్యో, నాకెందుకండీ ఇంత మర్యాద" అని మొహమాటపడుతూనే కూర్చున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మెంబరమ్మ ఎప్పుడూ కుర్చీలో కూర్చునేది కాదు. ఏదో ఒక రాయి చూసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, దాని మీద కూర్చునేది. ఆ రోజూ అట్లాగే కూర్చుని, ఒక ఇంటి రేకులు పగలగొట్టుకుని పొయ్యి దగ్గర పడ్డ రాయిని తెప్పించి, మెల్లగా అతని ఒళ్లో పెట్టింది. "పట్టుకో బిడ్డా. మాట్లాడుకునేదాంక నీ కాడ్నే ఉండనియ్యి."

మీటింగు అయ్యేదాకా అతను ఆ రాయిని, పెళ్ళికూతురు కొబ్బరిబొండం పట్టుకున్నట్టు, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పేల్చే ముందు ఈల వేసి ఎర్రజెండా ఎత్తాలని, ఇంటింటికీ చెప్పాలని, బండ మీద ఇసుక బస్తాలు కప్పాలని తీర్మానం. అన్నిటికీ ఒప్పుకున్నాడు. పోతుంటే ఆమె బొడ్లో సంచి విప్పి గుప్పెడు పుట్నాలు అతని చేతిలో పోసింది. అంతా అయ్యాక నన్ను పిలిచింది. చీవాట్లు పడతాయనుకున్నాను.

"గా కుర్చీ ఎందుకు తెచ్చినవ్‌రా?"

"ఊకెనే అత్తా. తమాషాకు."

"ఇగ రోజూ తే. నిలవెట్టి అడిగితే మనిషి ఎదురు తిరుగుతడు. కూసోబెట్టి అడిగితే ఇంటడు."

నా తమాషా అట్లా పంచాయతీ పద్ధతి అయిపోయింది. తప్పు ఎవరిదైతే ఎర్ర కుర్చీ వాళ్లది. మొదటి టీ కూడా వాళ్లకే. కొన్నాళ్లకు ఊళ్లో బెదిరింపు మాటే మారిపోయింది. పోలీసును పిలుస్తా అనడం మానేసి, "ఎర్ర కుర్చీ ఎక్కిపిస్త బిడ్డా" అనేవాళ్లు.

రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన హోటలు వాళ్లు మురుగును కుంటలోకి వదిలినప్పుడు, కుర్చీలు నాలా పక్కనే వేయించింది. ఓనరు కడప వైపు మనిషి. ముక్కుకు రుమాలు కట్టుకుని, "ఏందమ్మా, ఈ కంపులో టీ ఎట్ల తాగేది?" అన్నాడు. ఆమె తన కప్పు తాపీగా తాగుతూ, "కంపు నీదే గద నాయినా. మేం రోజూ తాగుతున్నం" అంది. తర్వాత వారం అతను హోటలు వెనక గుంత తవ్వించాడు. ఇప్పటికీ నేను అటు పోతే, "ఆ కుర్చీ పక్కకు పెట్టినావా లేదా సామీ?" అని అడుగుతాడు.

మైకు చేతిలో ఉంటే నేను తీర్మానానికి ముందో రెండు, వెనకో రెండు నా సొంత మాటలు కలిపేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు. ఆమె కింద నుంచి, "నీ నోరు ఏడాది పొడుగూత అలుగు పారుతనే ఉంటదేందిరా" అనేది. అలుగంటే కుంట నిండాక మిగులు నీళ్లు పోయే దారి. నేను చచ్చేదాకా మోయవలసిన బిరుదు అది. ఇచ్చినావిడ లేదు.

ఆ అలుగు దగ్గరే ఆమె కథ కూడా అడ్డం తిరిగింది.

నిరుడు వానలు తగ్గాక, ఎవరో రోజూ తెల్లవారకముందే పునాదుల మట్టీ, పగిలిన రాళ్లూ తెచ్చి కుంట అలుగులో పోయడం మొదలుపెట్టారు. అలుగు మూసుకుంటే వచ్చే వానలకు నీళ్లు కట్ట తెంపుకుని కింది బస్తీ మీద పడతాయి. అక్కడన్నీ రేకుల ఇళ్లు, పసిపిల్లల తల్లులు. కమిటీ కట్ట మీద కూర్చుని తీర్మానం చేసింది. నేనే మైకులో చదివాను: పోసినోడే ఎత్తాలె. వానలకు ముందుగాల ఎత్తాలె.

ఆ తర్వాత కొన్నాళ్లకు బస్తీ వాళ్లు తెల్లవారుజామున ఒక టిప్పరును అలుగు దగ్గర అడ్డగించారు. వెనక తలుపు మీద పసుపు రంగు అక్షరాలు: అమ్మ దీవెన. అది ఎవరిదో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఆ అక్షరాలు రాయించిన రోజు ఆమె మాకందరికీ మిఠాయి పంచింది. టిప్పరు ఆమె కొడుకుది. ఉన్న ఒక్కగానొక్క కొడుకు.

మరునాడు కట్ట మీద మీటింగు. నేను కావాలని ఎర్ర కుర్చీ తీసుకుపోలేదు.

"కుర్చీ ఏదిరా?" అంది.

"కాలు ఇరిగింది అత్తా."

"నీ కాలు ఇరగ్గొడుత. తే పో."

తెచ్చాను. వేశాను. కొడుకు దాన్ని చూశాడు గానీ కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు అమ్మవా? నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"ఇంటికాడ బువ్వ పెడుత. ఈడ తీర్మానం పెడుత. కూసో బిడ్డా."

"నేనొక్కన్నేనా పోసింది? అందరు పోస్తున్నరు. వాళ్లను అడుగవా?"

"అందరికీ నేను తల్లిని కాదు" అంది.

అతను కూర్చోలేదు. అప్పుడు ఆమె తన రాయి మీద నుంచి లేచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, ఆ ఎర్ర కుర్చీలో తనే కూర్చుంది. అన్నాళ్లలో ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. సింహాల మీద చేతులు పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుంది. "వాణ్ణి పెంచింది నేను. నేను కూసుంట. తీర్మానం సదువురా" అంది.

చదివాను. ముందో మాట, వెనకో మాట కలపలేదు.

కొడుకు టిప్పరు ఎక్కి వెళ్లిపోయాడు. అలుగులో మట్టి అట్లాగే ఉంది. ఆ వారంలోనే పెళ్ళాం పిల్లలతో మియాపూర్‌లో కిరాయి ఇంటికి మారాడు. తల్లితో మాట బంద్.

మరి మెంబరమ్మ ఏం చేసిందంటే, ఒక వెదురు గంప తీసుకుని రోజూ పొద్దున్నే అలుగు దగ్గరికి పోయి రాళ్లు ఎత్తడం మొదలుపెట్టింది. మేమంతా పోయి బతిమాలాం. మిషను తెప్పిద్దామన్నాం. సెక్రటరీ సారు కూడా చొక్కా చేతులు మడిచి వచ్చాడు. ఆమె ఎవరినీ గంప ముట్టనివ్వలేదు.

"పోసినోడే ఎత్తాలెనని మనమే అన్నం. వాడు ఎత్తకుంటే వాని తల్లి ఎత్తుతది. నువ్వు పోసినవా సారూ? పోలే గద. పో, పని చూసుకో."

ముసలి ప్రాణం ఎంత మోస్తుంది? కుప్ప కుప్పలాగే ఉండేది. అందుకని ఆమె ఇంటికి వెళ్లాక నేనూ బస్తీ మగవాళ్లూ వచ్చి మరికొంత ఎత్తిపోసేవాళ్లం. పొద్దున ఆమె వచ్చి కళ్ల మీద చెయ్యి పెట్టుకుని చూసేది.

"కుప్ప తగ్గిందేందిరా?"

"నక్కలు మోసుకపోయినయ్ అత్తా. బండల్ల మస్తు నక్కలున్నయ్."

ఆమె కాసేపు నా చేతుల వైపు, నా గోళ్లలో మట్టి వైపు చూసింది. "ఆ నక్కకు చెప్పు, టెంట్ హౌజ్ మూసుకుని తిరగొద్దని" అని, బొడ్లో సంచి తీసి పుట్నాలు పెట్టింది. మళ్లీ గంప ఎత్తుకుంది.

ఒకసారి రాళ్ల మధ్య కూర్చుని నీళ్లు తాగుతూ అడిగింది. "మియాపూర్ దిక్కు పోతవా నువ్వు?"

"పోత అత్తా. పెళ్ళిళ్లుంటయ్ గద."

"పిల్లలకు ఆ నీళ్లు పడ్డయో లేదో." అంతే అంది. చూసి రమ్మని చెప్పలేదు. కొడుకు పేరు కూడా ఎత్తలేదు. నేను పోయి చూసి వచ్చి, పిల్లలు బాగున్నారని చెప్తే, విననట్టే రాయి గంపలో వేసుకుంది. ఆ పూట మాత్రం గంప కొంచెం తేలిగ్గా లేపినట్టు నాకనిపించింది.

ఎండలు ముదిరాయి. ఆగమంటే ఆగలేదు, "వానలకు ముందుగాల" అనేది. ఒక పొద్దున గంప గోడకు బోర్లించి, జర నడుం వాలుస్తానని పడుకుంది. ఇంటిపక్కవాళ్లు దవాఖానకు తీసుకుపోదామనుకునే లోపే అయిపోయింది. అప్పటికి అలుగులో ఒక మనిషి పక్కకు తిరిగి పోగలిగినంత దారి పడింది.

కొడుకు వచ్చాడు. చేయవలసినవన్నీ చేశాడు. ఎవరి మొహమూ చూడలేదు.

దినాల రోజు నా పనివాళ్లు కుర్చీలతో పాటు ఎర్ర కుర్చీని కూడా వ్యానులో వేసుకొచ్చారు. రోజూ మెంబరమ్మ పేరు చెప్తే ఎక్కించే కుర్చీ కదా, అలవాటులో ఎక్కించేశారు. చావింట్లో పెళ్ళికొడుకు కుర్చీ దిగింది. చుట్టాలు గుసగుసలాడారు. "ఏమన్న తెలివుందా వీనికి" అన్నారు. నేను దాన్ని వెనక్కి లాగబోయాను.

కొడుకు లేచి వచ్చాడు. గుండు, భుజం మీద తువ్వాలు. నా చేతిలోంచి కుర్చీ తీసుకుని తల మీద పెట్టుకున్నాడు. గల్లీ దాటి, కట్ట ఎక్కి, అలుగు పక్కన, మట్టి కుప్పకు ఎదురుగా వేశాడు. మేం వెనకాలే పోయాం. అతను ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"సదువు అన్నా" అన్నాడు.

మైకు లేదు. కాయితం లేదు. అవసరం కూడా లేదు. అయినా ఎప్పుడూ పారే నా నోటి అలుగు అక్కడ ఎండిపోయింది.

"పోసినోడే ఎత్తాలె" అన్నాను. "వానలకు ముందుగాల..." మిగతాది నా వల్ల కాలేదు. అతనే పూర్తి చేశాడు. ఇచ్చేందుకు ఎవరి దగ్గరా పుట్నాలు లేవు.

మరునాటి నుంచి అమ్మ దీవెన ఖాళీగా వచ్చి నిండుగా పోతోంది. బస్తీ వాళ్లు సాయం వస్తామన్నారు. "మీరు పోసిండ్రా?" అన్నాడట. ఆ మాట విని నేను పక్కకు తిరిగాను. కమిటీ ఇప్పుడు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటోంది. నా కుర్చీలు వాళ్లకు అక్కర్లేదు. కుంట ఎట్లా ఉందని అడిగితే సెక్రటరీ సారు తల దించుకుని, "నిండే ఉన్నది, కాయితం మీద" అన్నాడు. ఆయనకూ ఆమె లోటు తెలుస్తోంది.

ఎర్ర కుర్చీ కట్ట మీదే ఉంది. పెళ్ళిళ్లకు అడుగుతున్నారు, కాలు విరిగిందని చెప్తున్నాను. మొన్న మొదటి వాన పడుతుంటే గొడుగు వేసుకుని పోయాను. కుప్ప ఇంకా సగం ఉంది, కానీ ఆమె గంపతో తీసిన సందు తెరుచుకునే ఉంది. కొడుకు ఎప్పుడు పెట్టాడో, ఆ వెదురు గంప కుర్చీలో ఉంది, నీళ్ల వైపు మొహం పెట్టుకుని కూర్చున్నట్టు. గంపలో పడ్డ వాన పడ్డట్టే కిందికి జారి, మఖమల్ తడిపి, కుర్చీ కాళ్ల దగ్గర సన్నగా కూడి, అలుగు దిక్కు పారుతోంది.